వరద లెక్కలో కూలీ ఎక్కడ? గుండుగొలను నుంచి కొల్లేరు దాకా

గుండుగొలను దగ్గర జాతీయ రహదారి రెండుగా చీలుతుంది. పాత దారి భీమడోలు, తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా పోతుంది. కొత్త దారి నల్లజర్ల, దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు మళ్లుతుంది. ఆ కూడలిలో నిలబడి ఉత్తరానికి చూస్తే నేల ద్వారకా తిరుమల మెట్ట వైపు మెల్లగా లేస్తుంది. దక్షిణానికి చూస్తే వరిచేలు, వాటి అవతల చేపల చెరువులు, ఇంకా అవతల కొల్లేరు. వాన నీటికి ఎప్పుడూ ఒకటే దారి. మెట్ట నుంచి పల్లానికి, పల్లం నుంచి కొల్లేటికి. మనుషులు వేసుకున్న దారులేమో దానికి అడ్డంగా పడ్డాయి. హౌరా-చెన్నై రైలు కట్ట, జాతీయ రహదారి, గోదావరి పశ్చిమ డెల్టాకు చెందిన ఏలూరు కాలువ గట్టు, మూడూ ఆ వాలుకు అడ్డంగానే సాగుతాయి. మెట్ట మీద కురిసిన వాన ఈ మూడింటినీ తూముల్లోంచి, కల్వర్టుల్లోంచి దాటుకుని రావాలి. ఏ ఒక్కచోట పూడిక పడినా, గుర్రపుడెక్క అడ్డం పడినా నీరు వెనక్కి తన్నుతుంది.

ఈ ఊరి పేరులోనే కొలను ఉంది. నీళ్లతో బతకడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ నీరు వచ్చినప్పుడు ఎవరికి ఎంత నష్టం జరిగిందో ఎవరు రాస్తున్నారు, ఏ పుస్తకంలో రాస్తున్నారు?

నా పరిశోధన కోసం ఈ చుట్టుపక్కల పేటల్లో తిరుగుతున్నప్పుడు ఒక విషయం పదే పదే ఎదురైంది. వరద ఎంత వచ్చిందని అడిగితే ఇంజనీరు అడుగుల్లో, క్యూసెక్కుల్లో చెబుతాడు. రెవెన్యూ ఉద్యోగి హెక్టార్లలో చెబుతాడు. పేటలో ఆడవాళ్లు ఒంటి మీద చేయి పెట్టి చూపిస్తారు. మోకాలిలోతు, మొలలోతు, పీకలోతు. నీరు ఎన్నాళ్లు నిలిచిందంటే పనికి పోని రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతారు. మొదటి రెండు కొలతలకూ రిజిస్టర్లున్నాయి. ఈ మూడోదానికి లేదు.

మెరక ఎవరిది, పల్లం ఎవరిది

వరదకు కులం లేదంటారు. నీటికి లేదు, నిజమే. కానీ ఇంటి స్థలం ఎక్కడ ఇవ్వాలో నిర్ణయించినవాళ్లకు ఉంది. మెరక, పల్లం అనేవి గోదావరి జిల్లాల్లో పొలానికే కాదు, ఊరికీ వర్తించే మాటలు. గుడి, రచ్చబండ, పెద్ద రైతుల ఇళ్లు మెరక మీద ఉంటాయి. పేట చాలాచోట్ల ఊరి నీరంతా దిగే వైపున, మురుగు డ్రెయిన్ గట్టు పక్కనో శ్మశానం దారిలోనో ఉంటుంది. డెల్టా కాలువలు తవ్వాక విలువ పెరిగిన నేల ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల చేతుల్లోనే ఉండిపోయింది. ప్రభుత్వం తర్వాత ఎస్సీ కాలనీలకు స్థలాలు ఇచ్చినా, మిగిలిన నేలే ఇచ్చింది. అంటే పల్లం. 2020 డిసెంబర్‌లో మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో కూడా ఇదే కథ నడిచింది. రాజమండ్రి దగ్గర కోరుకొండ మండలంలో ముంపుకు గురయ్యే ఆవ భూములను పేదల ఇళ్లకు కొనడం మీద ఎంత రగడ జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆ రగడలో ఎక్కువగా మాట్లాడుకున్నది భూమి ధర గురించి. అక్కడ ఇల్లు కట్టుకుని నీళ్లలో ఉండబోయేది ఎవరన్న మాట చర్చలో వెనక్కి పోయింది.

కాబట్టి వరద ముప్పు అంటే వాన ఎంత కురుస్తుందన్నది ఒక్కటే కాదు. ఎవరి గడప ఏ ఎత్తులో ఉందన్నది కూడా.

ఏడాదికి మూడు వానలు, మూడుసార్లు పోయే కూలి

మంచు కరిగి నదులు పొంగే దేశాల్లో వరదకు ఒక కాలం ఉంటుంది. చలికాలం పొడుగునా ఎంత మంచు పడిందో కొలుస్తారు. వసంతంలో అది కరిగేటప్పుడు వాన కూడా తోడైతే ఎంత నీరు వస్తుందో వారాల ముందే ఒక అంచనాకు రాగలుగుతారు. మన నదులకు మంచు లేదు. గోదావరి, కృష్ణ రెండూ వాన మీద బతికే నదులే. కొల్లేటిలో కలిసే బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మరీ చిన్నవి. తూర్పు కనుమల అంచు కొండల్లో రాత్రి వాన పడితే తెల్లారేసరికి మైదానంలో ఉంటాయి. 2024 జులై 18న అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడితే, ఆ రాత్రే నీరు రాష్ట్ర సరిహద్దు దాటి ఏలూరు జిల్లా వేలేరుపాడు, కుక్కునూరు మండలాల మీద పడింది. అదే నెలలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలను ముంచింది. ఇక్కడ నీరు రావడం గంటల్లో పని. పోవడం మాత్రం వారాలు.

మన వసంతపు వాన వేరే రకంగా దెబ్బకొడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా కోతకొచ్చి, ధాన్యం కళ్లాల్లో, రోడ్ల పక్కన ఆరబోసి ఉన్నప్పుడు అకాల వర్షం పడుతుంది. 2023 మే మొదట్లో గోదావరి జిల్లాల్లో జరిగింది ఇదే. ఊళ్లు మునగలేదు కాబట్టి దాన్ని వరద అనలేదు. కానీ చేలో నిలిచిన నీరు ఇంకే దారి లేక అక్కడే ఉంది. 17 శాతం తేమ దాటిన ధాన్యాన్ని కొనే దగ్గర కోత పెడతారు. ఆ కోత భూమి యజమానికి పడదు. అతనికి రావాల్సిన మక్తా బస్తాలు ముందే మాట్లాడుకున్నవి. పడేది కౌలు రైతుకు. ఆ కౌలు రైతుల్లో దళితులు, వెనుకబడిన కులాలవాళ్లు ఎందరున్నారో ఈ డెల్టాలో తిరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రెండో వాన జులై నుంచి సెప్టెంబర్ దాకా, సార్వా ఊడ్పుల కాలంలో. ఊడ్పులు దాదాపు పూర్తిగా ఆడవాళ్ల పని. అందులో దళిత స్త్రీలు ఎక్కువ. నారుమళ్లు మునిగితే రైతు మళ్లీ నారు పోసుకోవాలి. అది అతనికి ఖర్చు, నష్టం. ముఠాగా పనికి పోయే ఆడవాళ్లకు ఆ ఏడు ఊడ్పుల్లో వచ్చే కూలి మొత్తం వాయిదా పడుతుంది, లేదా పోతుంది. యంత్రాలు వచ్చాక కోతల పని ఎటూ తగ్గింది. ఏడాదిలో చేతినిండా దొరికే పని రోజులు ఈ ఊడ్పులవే. మూడో వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపానులతో వస్తుంది. 2020 అక్టోబర్‌లో వాయుగుండానికి తమ్మిలేరు పొంగి ఏలూరును ముంచింది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, 2025 అక్టోబర్ 28 రాత్రి వచ్చిన మొంథా, రెండూ సార్వా చేతికొచ్చే వేళ దెబ్బతీసినవే.

ఈ మూడు సందర్భాల్లోనూ ప్రభుత్వ లెక్క ఒకేలా మొదలవుతుంది. ఎన్ని హెక్టార్లు? 33 శాతానికి మించి పంట పోయిందా? పాస్ పుస్తకం ఉందా, ఈ-క్రాప్‌లో పేరుందా? ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని కింద కౌలు రైతుకు కార్డు రావాలంటే భూ యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు అడుగుతాడేమోనన్న భయం యజమానికి. అడిగితే వచ్చే ఏడు కౌలు ఉండదన్న భయం దళితుడికి. ఈ భయం ఊహ కాదు. ఇదే జిల్లాల గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం అడిగినందుకు దళితులను వెలివేసినప్పుడు మొదట తెగినవి కూలి పనులూ కౌలు భూములే. విగ్రహం అడిగితేనే కౌలు పోయే చోట, నష్టపరిహారం కోసం సంతకం అడగమని చెప్పే చట్టం ఎవరి కోసం రాసినట్టు?

కూలీకి ఈ చట్టం కూడా లేదు.

కాంటూరు కథ

కొల్లేటి గురించి మాట్లాడితే వెంటనే కాంటూరు అనే మాట వస్తుంది. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీరు పరచుకుంటుందన్న గీత అది. పదో కాంటూరు దాకా నీరు నిండితే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దాకా 308. మూడో కాంటూరుకు తగ్గిస్తే 135. 1999లో ఐదో కాంటూరు వరకూ అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేల అయ్యింది. 2008లో శాసనసభ మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. 2025లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ మళ్లీ కొల్లేటికి వచ్చి వినతులు తీసుకుంది. పదేళ్లకోసారి తిరిగొచ్చే వాదం ఇది. ఒకవైపు పర్యావరణం, పక్షులు. ఇంకోవైపు ప్రజల జీవనోపాధి. అలాగని చెబుతారు.

ఆ ప్రజలు అనే మాటను కాస్త విప్పి చూడాలి. 1970ల రెండో సగంలో ప్రభుత్వం కొల్లేటి నేలలో మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. కాగితం మీద గొప్ప పని. చెరువుకు పిల్లలు వదలాలి, మేత వేయాలి, కాపలా పెట్టాలి, చేప పెరిగేదాకా ఆగాలి. ఆ పెట్టుబడి సంఘాల దగ్గర లేదు. పెట్టుబడి ఉన్నవాళ్లు లీజుకు తీసుకున్నారు. 1980ల చివర నుంచి ఆక్వా లాభాలు కనిపించాక లీజులు పెరిగాయి, పక్కనున్న ప్రభుత్వ భూమిలోకి గట్లు జరిగాయి. దళితులకు అసైన్ చేసిన డి-ఫారం పట్టా భూములను బదిలీ చేయకూడదని 1977 చట్టం చెబుతోంది. లీజు అనే మాటతో ఆ చట్టం చుట్టూ తిరిగారు. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములను అమ్ముకోవచ్చని 2023లో ఆ చట్టాన్నే సవరించాక చుట్టూ తిరగాల్సిన శ్రమ కూడా చాలామేరకు తప్పింది. అమ్ముకునే స్వేచ్ఛ దళితుడికి ఇచ్చామన్నారు. అప్పులో ఉన్నవాడికి అమ్ముకునే స్వేచ్ఛ అంటే ఏమిటో మన పాఠకులకు నేను వివరించాల్సిన పని లేదు.

2005-06లో ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. పొక్లెయిన్లు చెరువు గట్లు తెంపాయి. పెద్ద లీజుదారు ఒకచోట చెరువు పోతే ఇంకోచోట వేసుకోగలిగాడు. సంఘం సభ్యుడికి లీజు డబ్బు పోయింది. చెరువు మీద మేత వేసే, వల లాగే, కాపలా కాసే కూలీకి పని పోయింది. పునరావాసం మాట కాగితాల్లో ఉండిపోయింది. కొన్నేళ్లకు గట్లు మళ్లీ లేచాయి. ఈసారి ఎవరివో అడిగేవాళ్లు కూడా తక్కువ.

ఈ గట్లకూ వరదకూ సంబంధం సూటిగా ఉంది. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పళ్లెం. రెండువైపుల నుంచీ ఏర్లు, డ్రెయిన్లు కలిపి అరవైకి పైగా దీనిలోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఒకటే, ఉప్పుటేరు. దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. గరిష్ఠంగా కొల్లేటికి వచ్చే నీరు లక్షా పదివేల క్యూసెక్కులని, ఉప్పుటేరు మోయగలిగేది పదిహేను వేలకు మించదని ఇంజనీర్లు ఏళ్లుగా చెబుతున్న లెక్క. సముద్రానికి పోటు ఉంటే అదీ పోదు. పూడిక, ఆక్రమణలు, ఇరుకు వంతెనలు ఉంటే ఇంకా తగ్గుతుంది. అంటే వచ్చిన నీటిలో ఎక్కువ భాగం పళ్లెంలో ఆగాల్సిందే. పళ్లెంలో చోటు ఉంటే పరచుకుంటుంది. ఆ చోటులో గట్లు వేసి చెరువులు కడితే, నీరు ఆ చెరువుల మధ్య మిగిలిన సందుల్లో ఎత్తు పెరుగుతుంది. ఆ సందుల్లో ఉన్నవి లంక గ్రామాలు, డ్రెయిన్ గట్ల మీది పేటలు.

1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ ఈ డ్రెయిన్ల గురించి, ఉప్పుటేరు గురించి చెప్పాల్సింది చెప్పింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల్లో డ్రెయినేజీ సెస్సు చట్టం కూడా తెచ్చారు. అరవై ఏళ్లు గడిచాయి. ఏటా ఎండాకాలం చివర గుర్రపుడెక్క తీసే టెండర్లు పడతాయి, వానలు మొదలయ్యాక పనులు మొదలవుతాయి.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేయాలి. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న అంబేడ్కర్ 1945 నవంబర్‌లో కటక్‌లో ఒరిస్సా నదుల మీద జరిగిన సమావేశానికి అధ్యక్షత వహించారు. వరద నీటిని పీడగా చూసి ఎలాగోలా సముద్రంలోకి వదిలించుకోవాలన్న అప్పటి దాకా ఉన్న ఆలోచనే తప్పని అక్కడ వాదించారు. నీటిని ఆపి, మనుషులకు పనికొచ్చేలా వాడాలన్నది ఆయన వాదన. దామోదర్, మహానది పథకాలకు ఆ ఆలోచన దారి తీసింది. పెద్ద ఆనకట్టల వల్ల తర్వాత నిర్వాసితులైనవాళ్లలో ఆదివాసులు, దళితులు ఎంతమందో మనకు తెలుసు కాబట్టి ఆ మాటను ఇవాళ యథాతథంగా తీసుకోలేం. కానీ కొల్లేటి విషయంలో ఆ మాటలోని సారం నిలబడుతుంది. ఏ కాంక్రీటూ లేకుండా, ఎవరినీ ఖాళీ చేయించకుండా వరదను ఆపే జలాశయం ప్రకృతే ఇచ్చింది. దాని కడుపు మనం పూడ్చాం. పూడ్చగా వచ్చిన లాభం ఒకరిది. పొంగిన నీరు ఇంకొకరి ఇంట్లోకి వచ్చింది.

ఒకే బుడమేరు, రెండు ధరలు

2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు సహజంగా కొల్లేటికి పోయే ఏరు. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర దాన్ని మళ్లించి కృష్ణలో కలపడానికి కాలువ ఉంది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.4 లక్షల క్యూసెక్కులతో పారుతోంది. తీసుకోవాల్సిన నది నిండి ఉంటే మళ్లింపు కాలువ ఏం చేస్తుంది? గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ నీట మునిగింది. దేశమంతా చూసింది.

గండ్లు పూడ్చాక కెమెరాలు వెళ్లిపోయాయి. నీరు మాత్రం మాయం కాలేదు. కిందికి, కొల్లేటికి వచ్చింది. పెదఎడ్లగాడి దగ్గర మట్టం పెరిగింది, ఏలూరు-కైకలూరు దారి మునిగి రాకపోకలు ఆగాయి, లంక గ్రామాలకు పడవలే దిక్కయ్యాయి. విజయవాడలో నీరు తగ్గుతున్నకొద్దీ కొల్లేటిలో పెరిగింది. నీరు మెల్లగా వస్తుంది కాబట్టి ఎవరూ కొట్టుకుపోలేదు. కొట్టుకుపోకపోతే అది వార్త కాదు.

పరిహారం ప్రకటించినప్పుడు విజయవాడలో మునిగిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేల రూపాయలు అన్నారు. ఇతర ప్రాంతాల్లో నీరు చేరిన ఇళ్లకు 10 వేలు. సింగ్‌నగర్ పేదలకు ఇచ్చింది ఎక్కువని నేను అనడం లేదు. అక్కడ మునిగినవాళ్లలోనూ మనవాళ్లు చాలామంది, వాళ్లకూ అది చాలలేదు. కానీ ఒకే ఏరు, ఒకే నెల, ఇంట్లోకి వచ్చిన నీళ్లు. ఊరు మారితే ధర ఎందుకు మారింది? నగరపు ఇంట్లో ఫ్రిజ్, మంచం, బండి పోయాయన్నది సమాధానమైతే, ఏమీ లేనివాడికి ఏమీ పోలేదన్నదే ఈ పద్ధతి వెనుక ఉన్న తర్కం. ఉన్నదాన్ని బట్టి నష్టాన్ని కొలిచే ఏ లెక్కలోనైనా ఆస్తి లేనివాడి నష్టం సున్నాకు దగ్గరగా వస్తుంది.

ఇలాంటిది మన దగ్గరే జరగలేదు. కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో 2011 వసంతంలో మంచు కరుగుతుండగా వానలు పడి అసినిబోయిన్ నది పొంగింది. దిగువన విన్నిపెగ్ నగరం ఉంది. నగరాన్ని, కింది పొలాలను కాపాడటానికి పోర్టేజ్ మళ్లింపు కాలువ ద్వారా నీటిని మానిటోబా సరస్సులోకి వదిలారు. అక్కడి నుంచి అది ఫెయిర్‌ఫోర్డ్ నది మీదుగా సెయింట్ మార్టిన్ సరస్సుకు చేరింది. ఆ సరస్సు ఒడ్డున ఉన్నది ఆదివాసీ ప్రజల ఊరు. ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. వాళ్లు తిరిగి వెళ్లడం మొదలవడానికి ఆరేళ్లు పట్టింది. ఆ వరద వస్తుందని వారాల ముందే తెలుసు. మంచు కొలిచారు, లెక్కలు వేశారు, గేట్లు ఎత్తారు. ముందే తెలియడం వల్ల నగరం బతికింది. నీరు ఎటు పంపాలో నిర్ణయించే గదిలో ఆ ఊరివాళ్లు లేరు.

మన దగ్గర అంత లెక్క వేసి పంపారని అనలేం. ఇక్కడ ఎవరూ లెక్క వేయకపోవడమే పద్ధతి. ఇకపై వేయబోతున్నారు. బుడమేరు మళ్లింపు కాలువను పెద్దది చేస్తామంటున్నారు. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్ల ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. ఉప్పునీరు పైకి రాకుండా, కొల్లేటిలో మట్టం నిలపడానికి అవి కావాలంటారు. వాటి గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎంత మట్టం దాకా ఆపాలి అన్నది కాగితం మీద ఒక అంకె. ఆ అంకె అరడుగు పెరిగితే చెరువుకు నీళ్లు దొరుకుతాయి, పేట గడపలోకీ వస్తాయి. ఆ అంకె వేసేటప్పుడు ఎవరిని పిలుస్తారన్నది ఇప్పుడే అడగాలి.

చట్టంలో ఉన్నదే అడుగుదాం

విపత్తు నిర్వహణ చట్టం 2005లో 61వ సెక్షన్ ఉంది. సహాయం అందించడంలో కులం, మతం, లింగం, జాతి ఆధారంగా వివక్ష చూపకూడదని అది చెబుతోంది. ఇది ఊరికే రాయలేదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులను సహాయ శిబిరాల నుంచి వెళ్లగొట్టిన సంఘటనలు, సాయం అందకుండా చేసిన తీరు అప్పట్లో మానవ హక్కుల సంఘాలు నమోదు చేశాయి. చట్టం ఆ మరుసటి ఏడాదే వచ్చింది. కానీ వివక్ష జరిగిందని తేల్చడానికి కావాల్సిన ఆధారం, అంటే ఏ వాడకు ఏం అందిందన్న లెక్క, వరద నష్టం నమూనా పత్రాల్లో విడిగా కనబడదు. గ్రామం వారీగా, సర్వే నంబర్ వారీగా ఉంటుంది. పేటకు పడవ ఎప్పుడు వచ్చింది, తాగునీళ్ల డబ్బాలు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగాయా అన్నది ఏ గడిలోనూ పట్టదు. కావాలని ఎవరూ వదిలేయక్కర్లేదు. గడి లేకపోతే చాలు.

12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. బాధితులకు ఇవ్వాల్సిన కనీస సహాయంలో ప్రాణనష్టం, ఇళ్ల నష్టంతో పాటు జీవనోపాధిని పునరుద్ధరించడానికి ఇచ్చే సాయం కూడా ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధికి 2022-26 కాలానికి కేంద్రం ఇచ్చిన నిబంధనల్లో జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబాలకు, ఇంటికి ఇద్దరు పెద్దవాళ్లకు, ఉపాధి హామీ కూలి రేటున, మామూలుగా 30 రోజుల దాకా ఇవ్వొచ్చని ఉంది. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ రేటు రోజుకు 300 రూపాయలు. ఇద్దరికి 30 రోజులంటే 18 వేలు. నేను మాట్లాడిన ఇళ్లలో ఈ పద్దు పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు. అందరికీ గుర్తున్నది 25 కిలోల బియ్యం. బియ్యం వద్దని కాదు. బియ్యం దయగా ఇచ్చేది. పోయిన కూలికి బదులు ఇచ్చేది హక్కు. మొదటిది వస్తే రెండోది అడగరన్న ధీమా అధికారులకు ఉంది. మనమూ అడగలేదు. దళిత ఉద్యమం భూమి, దాడులు, రిజర్వేషన్ల మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా వరద రిజిస్టర్ల మీద పెట్టలేదు. ఇది మనల్ని మనం అనుకోవాల్సిన మాట.

ఎవరి కూలి ఎంత పోయిందో తేల్చడం కష్టమని అధికారులు అంటారు. ఉపాధి హామీ జాబ్ కార్డు ప్రతి ఇంట్లో ఉంది. ఏ ఇంట్లో ఎందరు పనిచేస్తారో అందులో రాసి ఉంది. నీరు ఎన్ని రోజులు నిలిచిందో డ్రెయినేజీ శాఖ గేజీల్లో ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే లెక్క వస్తుంది. హెక్టార్ల లెక్క కంటే ఇది కష్టమేం కాదు.

పేట నేల ఎత్తు పెంచడానికి, డ్రెయిన్ గట్టు వైపు రక్షణ గోడ కట్టడానికి డబ్బు ఎక్కడిదంటారు. 2013లో ఎస్సీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది, 2023లో మరో పదేళ్లు పొడిగించారు. ఆ నిధులను అందరికీ ఇచ్చే పథకాల్లో కలిపేసి ఖర్చు రాయడం మీద ఇప్పటికే చాలా మాట్లాడుకున్నాం. అదే డబ్బుతో ఒక పేట గడపలను మూడడుగులు మెరక చేయడం చట్టం అసలు ఉద్దేశానికి ఎంతో దగ్గర. ఏలూరు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. కైకలూరు, మండవల్లి కృష్ణా నుంచి, భీమడోలు, ఏలూరు పశ్చిమ గోదావరి నుంచి వచ్చి కొల్లేరులో ఎక్కువ భాగం ఒకే కలెక్టర్ కిందికి చేరింది. రెండు జిల్లాల మధ్య ఫైలు తిరుగుతోందన్న పాత సాకు ఇప్పుడు లేదు.

ఐదో కాంటూరా, మూడో కాంటూరా అన్న చర్చలో కూడా మన నిలువు వేరేగా ఉండాలి. మూడుకు తగ్గిస్తే బయటపడే భూమి పేదలకు పంచుతామంటారు. 1970ల్లో పంచిన భూమి ఎవరి లీజులోకి పోయిందో చూశాం. తగ్గిన పళ్లెంలో వరద ఇంకా ఎత్తు పెరుగుతుందన్నది అదనం. ఐదునే ఉంచి గట్లు తెంపుతామంటే, తెంపే రోజుకు ముందే చెరువు కూలీల జాబితా, వాళ్లకు ఇచ్చే ప్రత్యామ్నాయం రాతలో ఉండాలి. 2006లో అది లేదు. పర్యావరణవాద మిత్రులు ఇది విని నొచ్చుకోనక్కర్లేదు. కొల్లేరు బతకాలన్న కోరిక పేటలకే ఎక్కువ అవసరం, ఎందుకంటే అది పూడితే మొదట మునిగేది అవే. కానీ పక్షుల గణన ఏటా జరిగే చోట కూలీల గణన ఒక్కసారీ జరగకపోవడం మీద వాళ్లూ మాతో కలిసి అడగాలి.

వచ్చే సార్వా ఊడ్పులకు ముందే విద్యార్థులు చేయగల పని ఒకటుంది. భీమడోలు, దెందులూరు, ఏలూరు, మండవల్లి, కైకలూరు మండలాల పేటల్లో ఒక టేపు, ఒక పెయింటు డబ్బా, ఒక నోటు పుస్తకం పట్టుకుని తిరగడం. 2020లో, 2024లో నీరు ఎంతదాకా వచ్చిందో ఇంటివాళ్లనే అడిగి, గోడ మీద గీత గీసి, తేదీ రాయాలి. పక్కన ఎన్ని రోజులు పనికి పోలేదో రాయాలి, ఇంట్లో జాబ్ కార్డు నంబర్ రాసుకోవాలి. అదే రోజు ఊరి బడి గోడ మీద, పంచాయతీ ఆఫీసు గోడ మీద కూడా నీటి మట్టం కొలిచి రాసుకోవాలి. పేట గోడ మీది గీతకూ పంచాయతీ ఆఫీసు గోడ మీది గీతకూ మధ్య తేడా ఎన్ని అడుగులో సమాచార హక్కు దరఖాస్తులో పెట్టి, మా పేట ఏ కాంటూరులో ఉందో చెప్పమని తహసీల్దారును అడగాలి.